ఫొటోలోని బ్రిటిష్ ఆవిరి ఇంజను ఏ క్లాసుదో కనిపెట్టడం ఎలా?

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు సెలవులు రాగానే స్కాట్లాండ్ వెళ్తారు. గ్లెన్‌ఫినన్ దగ్గర 21 కమానుల వంతెన మీద పొగ వదులుతూ పోయే బండిని ఫొటో తీసి, సాయంత్రానికల్లా నాకు పంపేస్తారు. కింద ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఇది హ్యారీ పోటర్ ఇంజనే కదా?" వంతెన అదే, ఇంజను మాత్రం అది కాదు. సినిమాలో ఎర్ర రంగు పూసుకుని నటించిన ఇంజను లండన్ దగ్గరి స్టూడియో టూర్‌లో కదలకుండా నిలబడి ఉంది. మీరు వంతెన మీద చూసింది చాలావరకు బ్లాక్ ఫైవో, కే1 రకమో అయి ఉంటుంది.

ఇంకో రకం ప్రశ్నలు పాత నలుపు తెలుపు ఫొటోలతో వస్తాయి. ఒకాయన సెకండ్ హ్యాండ్ పుస్తకాల కొట్లో దొరికిందంటూ ఒక ఫొటో పంపారు. ఇంజను పక్కన ఇత్తడి పలక, దాని మీద ఇంగ్లిష్‌లో హైదరాబాద్ అని పేరు. "ఇది నిజాం రైల్వేదా? కాచిగూడలో తీసిందా?" అని అడిగారు. రెండూ కావు. ఆ ఫొటోనే ముందు పెట్టుకుని ఈ పద్ధతి చెప్తాను, చివరికి వచ్చేసరికి అదేంటో మీరే చెప్పగలుగుతారు.

ఒకే నమూనాలో కట్టిన ఇంజన్ల గుంపుని క్లాసు అంటారు. భయపడకండి, అన్ని క్లాసులూ బట్టీ పట్టక్కర్లేదు. 1948లో బ్రిటన్ రైల్వేలు ప్రభుత్వం చేతికి వచ్చేనాటికి అక్కడ 20 వేలకు పైగా ఆవిరి ఇంజన్లున్నాయి. అన్నీ గుర్తుపట్టేవాళ్లు ఉన్నారుగానీ వాళ్లకి వేరే పనేమీ ఉండదు. మనకి కావాల్సింది వడపోత మాత్రమే.

కావలసినవి

- ఇంజను పక్కభాగం, ముఖం రెండూ కనిపించే ఫొటో. ఎదురుగా నిలబడి తీసినదైతే చక్రాలు కనపడవు, పని కష్టం.
- జూమ్ చేసుకోవడానికి ఫోను, లేదా అచ్చు ఫొటో అయితే భూతద్దం.
- కాగితం, పెన్సిలు. మనసులో లెక్క పెట్టుకుంటే తప్పుతుంది, నాకు తప్పింది.
- ఫొటో ఎక్కడిదో, ఏ కాలానిదో తెలిస్తే మంచిది. తెలియకపోయినా పర్వాలేదు.
- నడుస్తున్న ఇంజను వీడియో ఉంటే చాలా మంచిది, ఎందుకో తర్వాత చెప్తాను.

చరిత్రలో రెండు తేదీలు చాలు. 1923 జనవరి 1న వందకు పైగా ఉన్న చిన్నా పెద్దా రైల్వే కంపెనీలు కలిసి నాలుగయ్యాయి: గ్రేట్ వెస్టర్న్, ఎల్‌ఎంఎస్ (లండన్ మిడ్‌ల్యాండ్ అండ్ స్కాటిష్), ఎల్‌ఎన్‌ఈఆర్ (లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్), సదరన్. 1948 జనవరి 1న ఆ నాలుగూ కలిసి బ్రిటిష్ రైల్వేస్ అయ్యాయి.

1. ముందు చక్రాలు లెక్కపెట్టండి

అందరూ మొదట నంబరు చూస్తారు. వద్దు. నంబరు పలక విప్పి వేరేది బిగించడానికి అరగంట చాలు, చక్రాలు మార్చడం మాత్రం ఎవరి వల్లా కాదు.

ఇంజనుకి ఒక వైపు నుంచి చూడండి. పొగగొట్టం వైపు నుంచి మొదలుపెట్టి మూడు గుంపులు రాసుకోండి: ముందున్న చిన్న చక్రాలు, మధ్యలో పొడవాటి ఇనుప కడ్డీతో ఒకదానికొకటి కట్టేసి ఉన్న పెద్ద చక్రాలు, వెనకున్న చిన్న చక్రాలు. మీకు కనిపించేది ఒక పక్కే కాబట్టి ప్రతి అంకెనీ రెండుతో గుణించండి. ముందు 2, మధ్య 3, వెనక ఏమీ లేవనుకోండి, అది 4-6-0. వెనక ఒకటి ఉంటే 4-6-2, దాన్నే పసిఫిక్ అంటారు. 2-6-0 అయితే మోగల్, 2-6-2 ప్రెయిరీ, 4-4-2 అట్లాంటిక్.

ఇక్కడ జరిగే తప్పులు:

టెండర్ చక్రాలు కలిపేయడం. బొగ్గూ నీళ్లూ మోసుకుంటూ వెనక తగిలించి ఉండే పెట్టె టెండర్, దాని చక్రాలు లెక్కలోకి రావు. డ్రైవర్ నిలబడే క్యాబ్ దగ్గర ఆగిపోండి.

ముందున్న రెండు చక్రాల్లో ఒకటి సిలిండర్ నీడలో మాయమవడం. పాత ఫొటోల్లో ఇది మామూలే. 2-6-0 అని తేలితే ఇంకోసారి జూమ్ చేసి చూడండి, 4-6-0 అయ్యుండొచ్చు. గ్లెన్‌ఫినన్ ఫొటోల్లో అసలు తేడా ఇదే, ముందు ఒక చక్రమైతే కే1, రెండైతే బ్లాక్ ఫైవ్.

యూరప్ పద్ధతిలో ఇరుసులు లెక్కపెడతారు, అక్కడి రాతల్లో 4-6-2 అన్నది 231 అనో 2సీ1 అనో కనిపిస్తుంది. కంగారు పడకండి.

టెండర్ లేకపోతే అది ట్యాంక్ ఇంజను, నీళ్లు దాని ఒంటి మీదే ఉంటాయి. బాయిలర్‌కి రెండు పక్కలా, చక్రాల పైనుండే ఇనుప పలక దాకా దిగిన పెట్టెలుంటే సైడ్ ట్యాంక్. బాయిలర్ మీద జీను వేసినట్టు కప్పి ఉంటే శాడిల్ ట్యాంక్. గాడిద వీపున రెండు వైపులా గోనెలు వేలాడేసినట్టు పెట్టెలు గాల్లో ఉండి, వాటి కింద ఖాళీ కనిపిస్తే పానియర్ ట్యాంక్, అది దొరికితే మీ పని సగం అయిపోయినట్టే, దాదాపుగా గ్రేట్ వెస్టర్న్‌దే.

2. ఇప్పుడు నంబరు వెతకండి

మూడు చోట్ల చూడండి. ఇంజను ముఖం మీద గుండ్రటి తలుపుకి పైన పోత పలక, క్యాబ్ పక్కన, ముందు బఫర్ల మధ్య అడ్డంగా ఉండే ఎర్ర దూలం. గ్రేట్ వెస్టర్న్ వాళ్లు ముఖం మీద పలక పెట్టేవాళ్లు కాదు, దూలం మీద రంగుతో రాసేవాళ్లు, క్యాబ్ పక్కన ఇత్తడి పలక బిగించేవాళ్లు. 1948 తర్వాత వాటికీ ముఖం మీద పలక వచ్చింది.

జాగ్రత్త: ముఖం మీద కింది భాగంలో చిన్న కోడిగుడ్డు ఆకారపు పలక ఉంటుంది, 34ఏ, 81ఏ లాంటివి. అది ఇంజను నంబరు కాదు, లోకోషెడ్ కోడ్. 34ఏ అంటే కింగ్స్ క్రాస్ షెడ్, 81ఏ అంటే ఓల్డ్ ఓక్ కామన్. మన బిట్రగుంట లోకోషెడ్‌లాగా ప్రతి ఇంజనుకీ ఒక సొంతిల్లు, అంతే. అలాగే ముఖం మీద పెట్టే తెల్ల దీపాలు, సదరన్‌లో అయితే గుండ్రటి తెల్ల రేకులు, ఇంజను క్లాసుని చెప్పవు. అవి ఆ రోజు లాగుతున్న బండి రకాన్నో, వెళ్లే దారినో చెప్తాయి.

3. అయిదంకెలుంటే తీసివేత చేయండి

అయిదంకెల నంబరుంటే దాదాపుగా 1948 తర్వాతి ఫొటో. బ్రిటిష్ రైల్వేస్ వాళ్లు తెలివిగా చేశారు, గ్రేట్ వెస్టర్న్ నంబర్లు అలాగే ఉంచేసి మిగతా వాటికి కలిపారు:

- 30000లలో ఉంటే సదరన్
- 40000, 50000లలో ఉంటే ఎల్‌ఎంఎస్
- 60000లలో ఉంటే ఎల్‌ఎన్‌ఈఆర్
- 70000 మొదలుకుని 84000ల దాకా, ఇంకా 92000లు, బ్రిటిష్ రైల్వేస్ సొంతంగా కట్టిన స్టాండర్డ్ ఇంజన్లు
- 90000లు యుద్ధకాలంలో సైన్యం కోసం కట్టినవి
- నాలుగంకెలే ఉండి 1948 తర్వాతిది అని మీకు ఖాయంగా తెలిస్తే గ్రేట్ వెస్టర్న్

సదరన్ అయితే 30000, ఎల్‌ఎంఎస్ అయితే (50000లలో ఉన్నా సరే) 40000, ఎల్‌ఎన్‌ఈఆర్ అయితే 60000 తీసేస్తే పాత కంపెనీ నంబరు వస్తుంది. 45585 నుంచి 40000 తీసేస్తే 5585. మన హైదరాబాద్ ఫొటోలో ముఖం మీద ఉన్న నంబరు ఇదే. అంటే ఎల్‌ఎంఎస్, అంటే బ్రిటన్. కాచిగూడ కాదు.

తీసివేత బెడిసికొట్టే చోట్లు కొన్ని ఉన్నాయి. సదరన్‌లో 33, 34, 35తో మొదలయ్యేవి సదరన్ ఇంజనీరు బులీడ్ గారి ఇంజన్లు, ఆయన నంబర్లలో అంకెలు మాత్రమే కాదు, ఒక అక్షరం కూడా ఉండేది. 35001 పాత నంబరు 21సీ1. ముందు రెండు ఇరుసులు, వెనక ఒకటి, సీ అంటే మధ్యలో మూడు, చివరి 1 వరుస సంఖ్య. ఒక్క నంబరులో చక్రాల లెక్క మొత్తం పెట్టేశాడు. నాకు భలే ఇష్టం ఈ పద్ధతి, వాడుకలో మాత్రం అందరికీ తలనొప్పి అయ్యుంటుంది. ఎల్‌ఎంఎస్‌లో 58000లు కూడా తీసివేతకి లొంగవు, అవి పాత ఇంజన్లకి సర్దిన నంబర్లు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో ఇంజన్లు ముందు డబ్ల్యూ అక్షరం పెట్టుకుని చిన్న నంబర్లతోనే చివరిదాకా తిరిగాయి.

ఎల్‌ఎన్‌ఈఆర్‌తో ఇంకో చిక్కు. 1946లో వాళ్లు మొత్తం నంబర్లన్నీ మార్చేశారు. తీసివేస్తే మీకొచ్చేది ఆ 1946 నంబరు మాత్రమే. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ సంగతి చూడండి: 1472, తర్వాత 4472, తర్వాత 502, తర్వాత 103, చివరికి 60103. ఒకే ఇంజను! ఆవిరి ఇంజన్లలో ప్రపంచ వేగం రికార్డు కొట్టిన మాలర్డ్ 4468గా ఆ రికార్డు కొట్టింది, తర్వాత 22 అయింది, ఆ తర్వాత 60022.

4. నాలుగంకెలే ఉంటే కంపెనీ ఏదో ముందు తేల్చండి

ఇక్కడే ఎక్కువ మంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. ఒకాయన పంపిన ఫొటోలో 6100 అని చూడగానే రాయల్ స్కాట్ అని, ఎల్‌ఎంఎస్ ఎక్స్‌ప్రెస్ ఇంజన్ల క్లాసుకే ఇది మొదటిదని పేజీన్నర రాసి పంపించేశాను. ఆయన మర్యాదగా, "టెండర్ కనపడటం లేదండీ" అన్నారు. చూస్తే గ్రేట్ వెస్టర్న్ వాళ్ల ప్రెయిరీ ట్యాంక్. నాలుగు కంపెనీలూ ఎవరి నంబర్లు వాళ్లవే వేసుకున్నాయి కాబట్టి ఒకే నంబరు ఇద్దరికీ ఉంటుంది. 6100ని చక్రాలే తేల్చేస్తాయి, ఒకటి 4-6-0, ఇంకోటి 2-6-2 ట్యాంక్. 5000 ఇంకా కొంటెది. గ్రేట్ వెస్టర్న్ 5000 లాన్సెస్టన్ క్యాజిల్, ఎల్‌ఎంఎస్ 5000 బ్లాక్ ఫైవ్, రెండూ 4-6-0లే.

అప్పుడు వేషం చూడాలి:

టెండర్ మీదో ట్యాంక్ మీదో అక్షరాలుంటే అదే అయిపోయింది. ఎల్‌ఎన్‌ఈఆర్ వాళ్లు యుద్ధ సమయంలో ఎన్‌ఈ అని రెండక్షరాలే రాశారు, గుర్తుంచుకోండి. సదరన్ వాళ్లు పేరు పూర్తిగా రాస్తారు.

గ్రేట్ వెస్టర్న్‌కి పొగగొట్టం అంచున రాగి పట్టీ, బాయిలర్ నడుమ ఇత్తడి గంటలాంటి సేఫ్టీ వాల్వ్ తొడుగు ఉంటాయి. నలుపు తెలుపు ఫొటోలో కూడా ఆ రెండూ మెరుస్తాయి. ముఖ్యమైన గుర్తు ఇంకోటి: వాళ్ల పెద్ద 4-6-0లలో వాల్వులు నడిపే కడ్డీలు లోపల దాక్కుని ఉంటాయి, అందుకే చక్రాల పక్కన శుభ్రంగా, ఖాళీగా కనిపిస్తుంది. ఎల్‌ఎంఎస్, ఎల్‌ఎన్‌ఈఆర్ పెద్ద ఇంజన్లలో ఆ కడ్డీల గందరగోళమంతా బయటే ఊగుతూ ఉంటుంది. రెండు 5000ల పంచాయితీ దీంతోనే తెగుతుంది.

బాయిలర్ మీద గుమ్మటం లేకపోతే గ్రేట్ వెస్టర్నే అని కొందరు రాస్తారు. నమ్మకండి. 1932లో స్టానియర్ అనే ఇంజనీరు గ్రేట్ వెస్టర్న్ వదిలి ఎల్‌ఎంఎస్‌లో చేరాడు, అక్కడి అలవాట్లు వెంట తెచ్చుకున్నాడు, ఆయన మొదట్లో కట్టిన బ్లాక్ ఫైవ్‌లకీ జూబిలీలకీ కూడా గుమ్మటం లేదు.

రంగు ఫొటో అయితే ముదురు ఎరుపు ఎల్‌ఎంఎస్, లేత ఆపిల్ పచ్చ ఎల్‌ఎన్‌ఈఆర్, ముదురు పచ్చ గ్రేట్ వెస్టర్న్. నలుపు అయితే ఎవరిదైనా కావొచ్చు. రంగుని చివరి సాక్షిగానే పెట్టుకోండి.

5. ఆ కంపెనీ పద్ధతిలో క్లాసు చదవండి

నాలుగు కంపెనీలు, నాలుగు భాషలు. ఒకరి అక్షరాన్ని ఇంకొకరి నిఘంటువులో వెతికితే అంతా తలకిందులు.

ఎల్‌ఎన్‌ఈఆర్ అన్నిటికన్నా సుఖం. అక్షరమే చక్రాల లెక్క. ఏ అంటే 4-6-2, బీ 4-6-0, సీ 4-4-2, డీ 4-4-0, జే 0-6-0, కే 2-6-0, ఎన్ 0-6-2 ట్యాంక్, ఓ 2-8-0, వీ 2-6-2. అక్షరం పక్కన అంకె ఆ చక్రాల లెక్కలో ఎన్నో రకమో చెప్తుంది. మాలర్డ్ ఏ4, ఇలాంటివి 35 కట్టారు. గ్లెన్‌ఫినన్‌లో కనిపించే 62005 కే1, అంటే 2-6-0, మీ లెక్కతో సరిపోవాలి.

గ్రేట్ వెస్టర్న్‌లో నంబరులోని రెండో అంకె చూడండి. 9 అయితే రెండు సిలిండర్ల 4-6-0, అంటే చాలావరకు హాల్ క్లాసు: 4900, 5900, 6900, 7900లు. 0 అయితే నాలుగు సిలిండర్ల పెద్ద ఇంజన్లు, 5000లు క్యాజిల్, 6000లు కింగ్. 1 అయితే పెద్ద ప్రెయిరీ ట్యాంక్, 3 మోగల్, 5 చిన్న ప్రెయిరీ, 6 అయితే 0-6-2 ట్యాంక్, 7 పానియర్, 8 అయితే 2-8-0 గూడ్సు. మినహాయింపులు లేకుండా ఉండవుగా: 6800లు గ్రేంజ్, 7800లు మేనర్, ఇవి 4-6-0లు. 4700లు తొమ్మిదే ఉన్నాయి, అవి 2-8-0లు. క్యాజిల్‌లు కూడా 4073 నుంచి మొదలవుతాయి. అందుకే చక్రాల లెక్కతో సరిచూసుకోమంటున్నాను. క్యాబ్ పక్కన రంగు చుక్క ఉంటే అది ఏ దారుల్లో తిరగొచ్చో చెప్పే బరువు గుర్తు, రెండు ఎర్ర చుక్కలుంటే కింగ్.

ఎల్‌ఎంఎస్‌లో అక్షరాల క్లాసు లేదు, బలం లెక్కే క్లాసు. అంకె బలం, పీ ప్యాసింజరు, ఎఫ్ గూడ్సు. మన డబ్ల్యూపీ ఇంజను అలవాటున్నవాళ్లు పీ చూడగానే సంబరపడతారు, పీ వరకు సరే, కానీ మన దగ్గర డబ్ల్యూ బ్రాడ్‌గేజ్‌ని చెప్తే ఇక్కడ ముందున్న అంకె ఎంత లాగగలదో చెప్తుంది. మన జీ ఇక్కడ ఎఫ్. రెండు పనులకీ వాడేదైతే ఎంటీ, బ్లాక్ ఫైవ్ 5ఎంటీ. కానీ బలం ఒకటే అయినవి చాలా ఉంటాయి కాబట్టి నంబరు వరుసే దిక్కు. పనికొచ్చేవి రాసుకోండి, 1948 తర్వాతి నంబర్లు ఇస్తున్నాను:

- 44658 నుంచి 45499: బ్లాక్ ఫైవ్, మొత్తం 842
- 45552 నుంచి 45742: జూబిలీ, 191
- 46100 నుంచి 46170: రాయల్ స్కాట్, 71
- 46220 నుంచి 46257: కొరొనేషన్ పసిఫిక్, 38

సదరన్ ఒక కిచిడీ. పాత కంపెనీల అక్షరాలు అలాగే మోసుకొచ్చారు, అందులో చక్రాల లెక్క వెతకొద్దు. సదరన్‌లో ఎన్ అంటే మోగల్, ఎల్‌ఎన్‌ఈఆర్‌లో ఎన్ అంటే ట్యాంక్. సదరన్ వీ అంటే స్కూల్స్ క్లాసు 4-4-0, ఎల్‌ఎన్‌ఈఆర్ వీ 2-6-2. క్యూ1 అయితే రెండు చోట్లా ఉంది, సదరన్‌లో 0-6-0 టెండర్ ఇంజను, ఎల్‌ఎన్‌ఈఆర్‌లో 0-8-0 ట్యాంక్. అందుకే క్లాసు చెప్పేటప్పుడు కంపెనీ పేరు కలపకుండా చెప్పకండి.

స్టాండర్డ్ ఇంజన్లు తేలిక, మొదటి రెండంకెలే చాలు. 70 అయితే బ్రిటానియా, 73 అయితే క్లాస్ 5, 80 అయితే 2-6-4 ట్యాంక్, 92 అయితే 9ఎఫ్, అంటే 2-10-0. బ్రిటిష్ రైల్వేస్ కట్టిన ఆఖరి ఆవిరి ఇంజను, 1960లో స్విండన్‌లో తయారైన ఈవెనింగ్ స్టార్, ఈ 9ఎఫ్‌లలోదే, నంబరు 92220.

6. పోలికలున్న అన్నదమ్ముల్ని విడదీయండి

మన హైదరాబాద్ ఫొటోకి వద్దాం. చక్రాలు 4-6-0. నంబరు 45585, పై వరుసలో జూబిలీ కింద పడింది. బయట కడ్డీలు కనిపిస్తున్నాయి, కాబట్టి ఎల్‌ఎంఎస్ అన్నదీ సరిపోయింది. చాలా జూబిలీలకి సామ్రాజ్యంలోని దేశాలు, సంస్థానాల పేర్లు పెట్టారు: ఇండియా, మద్రాస్, బాంబే, మైసూర్, బరోడా, కొల్హాపూర్, వాటి మధ్యలో హైదరాబాద్. ఈ ఇంజను తుక్కు కింద పోయింది. జూబిలీల్లో నాలుగే మిగిలాయి, భారతీయ పేరున్నది ఒక్క 45593 కొల్హాపూర్.

ఇప్పుడు నంబరు కనపడని ఫొటో అనుకోండి. బ్లాక్ ఫైవ్, జూబిలీ రెండూ స్టానియర్ బిడ్డలే, దూరం నుంచి కవలల్లా ఉంటాయి. చక్రం ఎత్తు చూడండి. జూబిలీకి 6 అడుగుల 9 అంగుళాలు, బ్లాక్ ఫైవ్‌కి 6 అడుగులు. పక్కన డ్రైవరో ఫైర్‌మ్యానో నిలబడి ఉంటే కొలబద్ద దొరికినట్టే, చక్రం మనిషి తలని దాటి బాగా పైకి పోతే జూబిలీ వైపు మొగ్గండి. పేరు పలక కూడా సాయం చేస్తుంది, ఆ రోజుల్లో పేరున్న బ్లాక్ ఫైవ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వీడియో ఉంటే చెవి పెట్టండి. నెమ్మదిగా కదులుతున్నప్పుడు పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఎన్నిసార్లు చఫ్‌మందో లెక్కపెట్టండి. రెండు సిలిండర్ల బ్లాక్ ఫైవ్ నాలుగుసార్లు, మూడు సిలిండర్ల జూబిలీ ఆరుసార్లు. నాలుగు సిలిండర్లున్నా క్యాజిల్, కింగ్ నాలుగుసార్లే అంటాయి, సదరన్ లార్డ్ నెల్సన్ మాత్రం ఎనిమిదిసార్లు అంటుంది. మొదటిసారి వినేవాళ్లకి తెలియదు, స్పీడు సగానికి తగ్గించి వినండి.

7. కాలం సరిచూడండి

టెండర్ మీద ముద్ర చూడండి. ఇంగ్లిష్‌లో బ్రిటిష్ రైల్వేస్ అని పూర్తిగా రాసి ఉంటే 1948 తర్వాతి కొద్దికాలం. సింహం ఒంటిచక్రం సైకిల్ తొక్కుతున్నట్టుంటే ఆ తర్వాత వచ్చిన మొదటి ముద్ర. కిరీటంలోంచి లేచిన సింహం చేతిలో చక్రం పట్టుకుని ఉంటే 1956 నుంచి వచ్చిన రెండోది. మళ్లీ రంగు వేసేదాకా పాత ముద్రతోనే తిరిగేవి కాబట్టి, ముద్ర చెప్పేది ఫలానా సంవత్సరానికి ముందు కాదని మాత్రమే, దాని తర్వాత కాదని చెప్పదు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ పొగగొట్టానికి రెండు పక్కలా రేకు రెక్కలుంటే 1961 చివరికి ముందుది కాదు. బ్రిటిష్ రైల్వేస్ మామూలు లైన్ల మీద ఆవిరి 1968 ఆగస్టులో ఆగిపోయింది. ఆ తర్వాతిదైతే మ్యూజియం లేదా పర్యాటక బండి, అప్పుడు కింది హెచ్చరికలు రెండింతలు పాటించండి.

నంబరూ పేరూ అబద్ధమాడే సందర్భాలు

హ్యారీ పోటర్ ఇంజను మీద పలక హాగ్వార్ట్స్ క్యాజిల్ అంటుంది. క్యాజిల్ క్లాసు అని రాసి పంపినవాళ్లు బోలెడు. నంబరు 5972, రెండో అంకె 9, కాబట్టి హాల్ క్లాసు. అసలు పేరు ఓల్టన్ హాల్, గ్రేట్ వెస్టర్న్ దానికి వేసింది పచ్చ రంగు.

కంపెనీలే పలకలు మార్చిన సందర్భాలూ ఉన్నాయి. 1933లో రాయల్ స్కాట్ అన్న పేరుతో అమెరికా తిరిగొచ్చింది నిజానికి 6152. 1939లో 6220 కొరొనేషన్ పేరుతో అమెరికా వెళ్లింది 6229 డచెస్ ఆఫ్ హామిల్టన్. 1952లో ఆరో జార్జ్ రాజు అంత్యక్రియల బండికి 4082 విండ్సర్ క్యాజిల్ కావాల్సి వస్తే అది మరమ్మతులో ఉంది, 7013 బ్రిస్టల్ క్యాజిల్‌తో పలకలు మార్చేశారు. ఈ మూడింట్లో రెండు ఇంజన్లదీ ఒకే క్లాసు, కాబట్టి మీ క్లాసు తప్పదు, ఏ ఇంజను అన్నది తప్పుతుంది.

బండి పేరుని ఇంజను పేరు అనుకోవడం ఇంకోటి. ముఖం మీద కట్టిన పెద్ద పలక చాలాసార్లు రైలు పేరు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ రైలూ ఉంది, ఇంజనూ ఉంది, ఆ రైలుని వేరే ఇంజన్లు లాగిన ఫొటోలే ఎక్కువ.

కట్టినవాళ్ల పలకని యజమాని పలక అనుకోవడం: నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ అని గుండ్రంగా రాసుంటే అది గ్లాస్గోలోని తయారీ కంపెనీ. వాళ్లు ఎల్‌ఎంఎస్‌కీ కట్టారు, ఎల్‌ఎన్‌ఈఆర్‌కీ కట్టారు, మన దేశానికీ పంపారు. నార్త్ బ్రిటిష్ రైల్వే అన్నది వేరే సంస్థ.

సరిగ్గా వచ్చిందా లేదా?

కాగితం మీద మూడు వరుసలు రాయండి: చక్రాల లెక్క, నంబరు చెప్పిన క్లాసు, వేషం చెప్పిన కంపెనీ. మూడూ ఒకే మాట మీదుంటే అయిపోయింది. రెండు కలిసి ఒకటి తేడా వస్తే, తేడా వచ్చింది చక్రాలైతే మళ్లీ లెక్కపెట్టండి, నంబరైతే 3ని 8గా, 6ని 5గా చదివారేమో చూడండి, వేషమైతే రంగు మార్చిన పర్యాటక బండేమో అడగండి. మూడూ మూడు దారులైతే ఆ ఇంజను బ్రిటన్‌దే కాకపోవచ్చు. మన దేశంలో తిరిగిన బోలెడు ఇంజన్లు అక్కడే తయారయ్యాయి, చూడ్డానికి దాయాదుల్లా ఉంటాయి.

తేలాక ఫొటో వెనకాల పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి, బాల్‌పెన్ను వాడితే ముందు వైపు గీత తేలుతుంది. హైదరాబాద్ ఫొటో పంపిన పెద్దాయన రాసుకున్నది ఇదీ: "45585 హైదరాబాద్, జూబిలీ, 4-6-0, ఎల్‌ఎంఎస్ కట్టింది, బ్రిటిష్ రైల్వేస్ కాలం, సైకిల్ సింహం." కింద ఇంకో ముక్క కలిపారు: "కాచిగూడ కాదు."